తన కేసు వాదించుకోని బారిస్టరు

1921. పల్నాడులో పశువుల మేత పన్ను కట్టేది లేదని ఊళ్లకు ఊళ్లు మొండికేసిన కాలం. రైతులకు అండగా గుంటూరు నుంచి మాచర్ల వచ్చిన ఓ నలభై మూడేళ్ల మనిషిని ప్రభుత్వం ఒకటే అడిగింది. శాంతికి భంగం కలిగించనని జామీను రాసిచ్చి వెళ్లిపొమ్మంది. ఆయన ఇవ్వనన్నారు. ఫలితం ఏడాది జైలు.

ఆయనకు చట్టం తెలియక కాదు ఈ శిక్ష పడింది. డబ్లిన్‌లో బారిస్టరు చదివి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేసినవారు ఆయన. పేరు ఉన్నవ లక్ష్మీనారాయణ. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు మాలపల్లి నవల రాసిన ఉన్నవగా పరిచయం. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లకు పల్నాడు అటవీ సత్యాగ్రహం పాఠంలో ఒక బిట్టుగా పరిచయం. కానీ ఆయన జీవితాన్ని లా చదివేవాళ్లు, లా చదవాలనుకునేవాళ్లు మరోలా చూడాలి. వకీలు ఉండీ వద్దనుకోవడం ఒకటి. వకీలే లేక శిక్ష పడటం ఇంకొకటి. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో ఆయన బతుకూ, ఆయన నవలా కలిపి చూస్తే తెలుస్తుంది.

పంతులు ఉద్యోగం నుంచి కోర్టు మెట్ల దాకా

ఉన్నవ 1877 డిసెంబరు 4న అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. తల్లి శేషమ్మ, తండ్రి శ్రీరాములు. ఊళ్లోనే మొదటి చదువు. 1897లో గుంటూరులో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ రోజుల్లో మెట్రిక్ పాసైనవాడికి ఇప్పటి డిగ్రీ కుర్రాడికున్న సమస్యే ఉండేది. తర్వాత ఏంటి? ఉన్నవ ముందు పంతులుగా చేరారు. 1900లో గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పారు. 1903 నాటికి అక్కడే న్యాయవాద వృత్తిలోకి మారారు.

అప్పుడప్పుడే స్థిరపడుతున్న ప్లీడరు డబ్బు కూడబెట్టుకునే పనిలో ఉంటాడని అనుకుంటాం. ఉన్నవ మాత్రం భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి కందుకూరి వీరేశలింగం దారి పట్టారు. గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు, వితంతు వివాహాలు చేయించారు. ఊళ్లో పెద్దమనుషులకు కోపం తెప్పించే పనులివి. క్లయింట్లు వచ్చేది ఆ పెద్దమనుషుల ఇళ్ల నుంచే. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

కెరీర్ విషయంలో ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన బారిస్టరు కావాలని సముద్రం దాటింది ముప్ఫై ఐదేళ్లు దాటాక. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్లి చదివి, 1916 నాటికి బారిస్టరయ్యారు. ఇంచుమించు అదే కాలంలో వి.వి. గిరి కూడా డబ్లిన్‌లోనే లా చదివారు. 1916 ఏప్రిల్‌లో ఆ నగరంలో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు జరిగింది. చట్టం నేర్చుకోవడానికి వెళ్లిన ఊళ్లోనే ఆ చట్టం ఎవరిదన్న ప్రశ్న వీధుల్లోకి వచ్చిన కాలమది. 1917లో ఆయన మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరారు. అప్పటికి వయసు నలభైకి దగ్గర. ఇరవై నాలుగేళ్లకే ఆలస్యమైపోయిందని దిగులు పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవచ్చు.

పుల్లరి, బందెలదొడ్డి, సెక్షన్లు

పల్నాడు అంటే రాతి నేల, చిట్టడవి, వానాధారం. పంట పండని ఏడు పశువే ఇంటికి ఆధారం. ఆ పశువు అడవిలో మేస్తే ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను పేరు పుల్లరి. కట్టకపోతే అటవీ సిబ్బంది పశువుల్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. కరువు రోజుల్లో ఇది మరీ భారమైంది. సహాయ నిరాకరణ ఉద్యమం ఊపు మీదున్న 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టడం మానేశారు. ప్రభుత్వ ఉద్యోగులకు ఊళ్లలో సరుకులు అమ్మలేదు. చాకలి, మంగలి పనులు కూడా బంద్ పెట్టారు.

ఇలాంటి చోట గొడవ ఎక్కడ మొదలవుతుందో ఊహించడం కష్టం కాదు. ఒకడు పశువు పలుపు పట్టుకుని లాగుతాడు, ఇంకొకడు అడ్డం పడతాడు. రైతు దృష్టిలో అది తన గొడ్డును తాను కాపాడుకోవడం. చట్టం దృష్టిలో రెండు నేరాలు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం, పట్టిన పశువును బలవంతంగా విడిపించుకోవడం ఒకటి. ఇండియన్ పీనల్ కోడ్ 353 ప్రకారం, విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద దౌర్జన్యం లేదా బలప్రయోగం రెండోది. దీనికి రెండేళ్ల దాకా జైలు.

దౌర్జన్యం అన్నమాటకు చట్టంలో అర్థం చాలామంది అనుకునేది కాదు. కొడితేనే దౌర్జన్యం అనుకుంటాం. పీనల్ కోడ్ 351 ప్రకారం చెయ్యి తగలక్కర్లేదు. ఇప్పుడు కొట్టబోతున్నాడన్న భయం ఎదుటివాడికి కలిగేలా కర్ర ఎత్తినా, మీదికి ఉరికినా అది దౌర్జన్యమే. ఉత్త మాటలు మాత్రం దౌర్జన్యం కావు. అయితే ఆ కదలికకు అర్థం ఏమిటో మాటలే చెప్పవచ్చు. పశువుకు అడ్డం నిలబడి కర్ర పైకెత్తిన రైతు నేరం చేశాడా లేదా అన్నది, అతను కర్ర ఎందుకు ఎత్తాడో కోర్టుకు ఎవరు వివరిస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అక్కడే వకీలు కావాలి.

వాదించను అన్న నిర్ణయం

పల్నాడులో పరిస్థితి చూడటానికి, రైతుల పక్షాన నిలబడటానికి కాంగ్రెస్ తరఫున వెళ్లినవాళ్లలో ఉన్నవతో పాటు వేదాంతం నరసింహాచార్యులు ఉన్నారు. ఇద్దరినీ జామీను ఇమ్మన్నారు. ఇద్దరూ నిరాకరించి జైలుకెళ్లారు.

జామీను కేసు మామూలు క్రిమినల్ కేసు లాంటిది కాదు. ఇందులో మీరు ఫలానా నేరం చేశారని ఎవరూ రుజువు చేయక్కర్లేదు. ముందు ముందు శాంతిభంగం జరగొచ్చన్న అనుమానం చాలు. బాండు రాసిస్తే ఇంటికి, రాయకపోతే ఏడాది దాకా జైలుకు. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 126వ సెక్షన్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. పల్నాడు పల్లెల్లో ఎన్నికలప్పుడు బైండోవర్ అనే మాట వినబడుతుంది కదా, అదే ఇది.

ఉన్నవ లాంటి బారిస్టరు తలుచుకుంటే వాదించడానికి బోలెడు ఉంది. అనుమానానికి ఆధారమేంటని అడగొచ్చు, సాక్షిని ప్రశ్నించొచ్చు, పై కోర్టుకు వెళ్లొచ్చు. ఆయన అవేవీ కోరుకోలేదు. బ్రిటిష్ కోర్టుల్ని బహిష్కరించాలని 1920లో కాంగ్రెస్ పిలుపిచ్చింది. వకీళ్లు ప్రాక్టీసు మానేశారు. ఉద్యమకారులు తమ కేసుల్లో తాము వాదించుకోకుండా శిక్షలు అనుభవించారు. కోర్టు న్యాయంగా ఉందని తామే ఒప్పుకున్నట్టవుతుందన్నది వాళ్ల తర్కం. ఉన్నవ కూడా ఆ రోజుల్లోనే వృత్తి వదిలి ఉద్యమానికి అంకితమయ్యారు.

గౌరవించదగ్గ నిర్ణయమే. కానీ ఇందులో ఒక చిక్కుంది. వాదించుకోగలిగినవాడు వాదించను అంటే అది నిరసన. ఆ శిక్షకు అర్థముంటుంది, పత్రికలు రాస్తాయి, జనం దండలేస్తారు. పక్కనే పశువు కోసం పెనుగులాడి పట్టుబడిన రైతు సంగతో? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ముద్దాయికి వకీలును పెట్టుకునే హక్కు ఇచ్చింది. పెట్టుకునే స్తోమత లేనివాడికి వకీలును ప్రభుత్వమే ఇవ్వాలని మాత్రం చెప్పలేదు. అతను బహిష్కరించడానికి అసలు అతని దగ్గర ఏముంది?

ఆ తర్వాత పల్నాడులో ఏం జరిగిందో తెలిసిందే. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు చనిపోయారు. ఆ కేసు ఏ కోర్టులోనూ ఆయన తరఫున వాదించే అవకాశం మిగల్లేదు.

జైల్లో రాసిన నవలలో ఒక దెబ్బ

రాయవేలూరు జైల్లో ఉన్నవ నవల రాశారు. సంగవిజయం అని ఇంకో పేరు కూడా ఉన్న మాలపల్లి అది. పల్లెలో దళిత కుటుంబం కేంద్రంగా తెలుగులో వచ్చిన తొలి పెద్ద నవలల్లో ఒకటి. గుంటూరు ప్రాంతపు వాడుక మాటలోనే నడుస్తుంది.

కథకు మలుపు ఒక దెబ్బ. భూస్వామి చౌదరయ్య కోపంలో రామదాసు కొడుకు సంగదాసును కొడతాడు, ఆ దెబ్బకు సంగదాసు చనిపోతాడు. కేసు కేసుగా నిలబడదు. అంతా కప్పిపుచ్చుతారు. అదే రామదాసు కుటుంబానికి మాత్రం కోర్టూ, జైలూ రెండూ తప్పవు. కొట్టినవాడికి పలుకుబడి ఉంది, కొట్టించుకున్నవాడి ఇంటికి మాట్లాడేవాడు లేడు. ఒక బారిస్టరు జైల్లో కూర్చుని తను చూసిన న్యాయవ్యవస్థను ఇలా బొమ్మ కట్టాడు. తన కేసు వాదించుకోని మనిషి, రామదాసు కేసు మాత్రం కొన్ని వందల పేజీలు వాదించాడు అనుకోవచ్చు.

మద్రాసు ప్రభుత్వానికి ఆ వాదన నచ్చలేదు. 1923లో నవలను నిషేధించింది. కొన్ని మార్పులతో 1928లో మళ్లీ వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెట్టింది. 1936లో మళ్లీ నిషేధం. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక అదీ తొలగింది.

ఆ నవల్లో దెబ్బ ఇవాళ పడితే ఏమవుతుంది? లా విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం. 2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. మామూలు గాయమైతే 115(2), ఏడాది దాకా శిక్ష. అదే గాయం కత్తి, గొడ్డలి లాంటి ప్రమాదకరమైన ఆయుధంతో చేస్తే 118(1), మూడేళ్ల దాకా. ఎముక విరిగితే, చూపు పోతే, ప్రాణాపాయం అయితే అది తీవ్ర గాయం, 117(2) కింద ఏడేళ్ల దాకా. తీవ్ర గాయం ఆయుధంతో చేస్తే 118(2), యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. చంపే ఉద్దేశం ఉందంటే 109 కింద హత్యాయత్నం. మనిషి చనిపోతే 105 కింద హత్య కాని ప్రాణనష్టమా, 103 కింద హత్యా అన్న ప్రశ్న.

ఆయుధం అదే, ఊరు అదే. సెక్షన్ మారితే కుర్రాడి జీవితం మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, చంపే ఉద్దేశం ఉందో లేదో తేల్చడానికి చూడాల్సిన అంశాల్ని వరసగా చెప్పింది. ఆయుధం ఎలాంటిది? వెంట తెచ్చుకున్నాడా, అక్కడే దొరికింది అందుకున్నాడా? దెబ్బ ప్రాణం పోయే చోట వేశాడా? ఎంత బలంగా? ఒకటే దెబ్బా, చాలా దెబ్బలా? అప్పటికప్పుడు రేగిన గొడవా, పాత పగా? రెచ్చగొట్టింది ఎవరు? వీటికి జవాబులు ఫైల్లో వాటంతటవే ఉండవు. సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగి రాబట్టాలి.

వకీలు ఉంటే సరిపోతుందా?

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఉన్నవకు అప్పటికి డెబ్బై రెండేళ్లు. అరెస్టయినవాడు తనకు నచ్చిన వకీలుతో మాట్లాడుకునే, వాదించుకునే హక్కు 22(1) అధికరణంలో చేరింది. జామీను దగ్గర ఆయన నిలబడిన నాటితో పోలిస్తే పెద్ద మార్పే. కానీ పేదవాడి ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మరుసటి ఏడే, 1951లో, కృష్ణకు అవతలి ఒడ్డు నుంచి ఆ ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో హైదరాబాద్ రాష్ట్రంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్ష వేసిన కొందరు, తమకు సరైన న్యాయసహాయం దొరకలేదని మొర పెట్టుకున్నారు. అమెరికాలో 1932 నాటి స్కాట్స్‌బరో తీర్పు కూడా అక్కడ చర్చకొచ్చింది. వకీలు లేనంతమాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదని మన కోర్టు అప్పట్లో తేల్చింది.

ఉన్నవ 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు. చట్టం మలుపు తిరిగింది ఆ తర్వాతే. 1968లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక హత్య కేసులో, వకీలును నియమించిన రోజే సాక్షుల విచారణ మొదలుపెట్టారని సుప్రీంకోర్టు గమనించింది. కాగితం మీద వకీలు ఉన్నాడు, కానీ ముద్దాయితో మాట్లాడే టైమే లేదు. శిక్ష కొట్టేసి మళ్లీ విచారించమంది. 1976లో రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేరి, ఉచిత న్యాయసహాయం రాజ్య బాధ్యత అయ్యింది. 1979లో బిహార్ విచారణ ఖైదీల కేసులో అది 21వ అధికరణం కింద హక్కులో భాగమని కోర్టు చెప్పింది. 1986లో అరుణాచల్ నుంచి వచ్చిన కేసులో ఇంకో అడుగు పడింది. అది హత్య కేసు కూడా కాదు, ఒక ఇంజినీరును బెదిరించారన్న కేసు. ముద్దాయి అడగలేదు కాబట్టి వకీలును ఇవ్వలేదంటే కుదరదనీ, చెప్పాల్సిన బాధ్యత జడ్జిదేననీ తీర్పు వచ్చింది. శిక్ష రద్దయింది.

మరి ఆ వకీలు ఎంత బాగా వాదించాలి? అమెరికా సుప్రీంకోర్టు 1984లో దీనికి రెండు మెట్ల కొలత పెట్టింది. వకీలు పనితీరు ఒక మామూలు సమర్థుడైన వకీలు స్థాయికన్నా కింద ఉందా? ఉంటే, ఆ లోపం లేకపోతే తీర్పు వేరుగా వచ్చేదన్న సహేతుకమైన అవకాశం ఉందా? రెండూ రుజువు చేయాలి. మన దగ్గర అచ్చంగా ఈ కొలతను పెట్టకపోయినా, సహాయం పేరుకు కాక నిజంగా ఉపయోగపడేలా ఉండాలని కోర్టులు అంటున్నాయి. 2019 డిసెంబరులో మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని గీతలు గీసింది. మరణశిక్ష, యావజ్జీవం పడే అవకాశమున్న కేసుల్లో న్యాయసహాయం తరఫున కనీసం పదేళ్ల అనుభవమున్న వకీలే ఉండాలి. కేసు తయారు చేసుకోవడానికి సాధారణంగా కనీసం ఏడు రోజులివ్వాలి. ముద్దాయితో కూర్చుని మాట్లాడే అవకాశం కల్పించాలి.

దెబ్బలాట కేసుల్లో సరైన వాదన అంటే ఏమేం చూడాలో పల్నాడు కోర్టుల్లో జూనియర్‌గా చేరినవాళ్లకు త్వరగానే తెలుస్తుంది. గాయాల సర్టిఫికెట్‌లో డాక్టరు రాసిన కొలతలూ, సాక్షి చెప్పే ఆయుధమూ కుదురుతున్నాయా? ఫిర్యాదు ఎంత ఆలస్యంగా ఇచ్చారు, ఆ మధ్యలో పేర్లు పెరిగాయా? ముద్దాయి ఒంటి మీద కూడా గాయాలుంటే వాటికి ప్రాసిక్యూషన్ జవాబు చెప్పిందా? 1976లో బిహార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఎంత ప్రాముఖ్యం ఇచ్చిందో చదవాలి. ఆత్మరక్షణ హక్కు, సంహితలో 34 నుంచి 44 దాకా, వర్తిస్తుందా? ఇరుపక్షాలూ కేసులు పెట్టుకుంటే రెండింటినీ ఒకే జడ్జి, ఒకదాని వెంట ఒకటి వినాలని 1990లో సుప్రీంకోర్టు చెప్పిన మాట పాటిస్తున్నారా? గుంపులో ఉన్నాడన్న ఒక్క కారణంతో 190వ సెక్షన్ కింద ఇరికించిన కుర్రాడు నిజంగా ఏం చేశాడు? ఈ ప్రశ్నలు అడగని వకీలు పక్కన ఉన్నా, లేనట్టే.

ఇది మీ కథ కూడా

2024 మే ఎన్నికల తర్వాత నరసరావుపేట, మాచర్ల వైపు గొడవలు, 144 సెక్షన్ అందరికీ గుర్తే. ఇలాంటప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో చేరే పేర్లలో డిగ్రీ చదివే కుర్రాళ్లవీ ఉంటాయి. కొందరు గొడవ చేసినవాళ్లు, కొందరు చూడ్డానికి వెళ్లినవాళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో అప్లై చేసినప్పుడు ఆ కేసు బయటికొస్తుంది. వెరిఫికేషన్ ఫారంలో దాన్ని దాచడం పెద్ద తప్పు. 2016లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఉన్న కేసు ఉన్నట్టు రాయాలి. చిన్న వయసులో జరిగిన చిన్న కేసైతే ఉద్యోగమిచ్చేవాళ్లు దాన్ని పట్టించుకోకుండా వదిలేసే వీలుంది. దాచితే మాత్రం, ఆ దాచడమే ఉద్యోగానికి అడ్డం పడొచ్చు.

కేసు చిన్నదని వకీలు లేకుండా ఒప్పేసుకుని జరిమానా కట్టి వచ్చేవాళ్లు చాలామంది. అక్కడ కట్టేది వెయ్యి రూపాయలే కావచ్చు. కానీ నేరం రుజువైనట్టు రికార్డులో మిగిలిపోతుంది. వాదించుకోకపోవడం ఉన్నవకు ఒక ఆయుధం. ఆయన ఆ పని తెలిసి చేశారు, ధర ఎంతో లెక్కేసుకుని చేశారు. తెలియక ఒప్పేసుకునేవాడికి అది ఉత్త నష్టం.

ఉన్నవ దంపతులు 1922లో గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం స్థాపించారు. తర్వాతి ఉద్యమాల్లోనూ ఆయన జైలుకెళ్లారు. కోర్టుకు తిరిగి వెళ్లి డబ్బు సంపాదించుకోవాలని ఆయన చూడలేదు. కానీ ఆయన వదిలిపెట్టిన ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉండకూడదు. అప్పటి కోర్టు పరాయి పాలకులది. ఇప్పటి కోర్టులో పేదవాడి పక్కన కూర్చోవడానికి చట్టమే పిలుస్తోంది, జీతమిచ్చి మరీ. రామదాసు లాంటివాడు ఇప్పటికీ కోర్టు వరండాలో ఎదురుచూస్తూనే ఉన్నాడు. నరసరావుపేటలోనో, గురజాలలోనో, మాచర్లలోనో ఆయన ఫైలు చదివి, ఏడు రోజులు తయారై, సాక్షిని సరైన ప్రశ్న అడిగే వకీలు మీలో ఎవరైనా కావచ్చు.

ఈ దారిలో వెళ్లాలనుకుంటే

• ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా కోర్సులకు రాష్ట్రంలో లాసెట్ రాయాలి. జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్. కోర్సు పూర్తయ్యాక బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

• ముద్దాయిల తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థను జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో విస్తరించింది. చీఫ్ పోస్టుకు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్లు క్రిమినల్ ప్రాక్టీసు కావాలి. అసిస్టెంట్ పోస్టులు మూడేళ్లలోపు అనుభవమున్న కొత్తవాళ్ల కోసం. ఇవి కాంట్రాక్టు పద్ధతిలో ఉండే ఫుల్‌టైమ్ పోస్టులు, సొంత ప్రాక్టీసుకు వీల్లేదు.

• సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తిరిగి నిబంధన పెట్టింది. ఆ మూడేళ్లూ ట్రయల్ కోర్టులో క్రిమినల్ కేసులు చూసినవాళ్లకు పరీక్షలోనూ ఉపయోగమే.

• ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

• ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు చాలాసార్లు అరెస్టు చేయకుండా 35(3) నోటీసు ఇస్తారు. ఆ నోటీసు వస్తే దాక్కోకండి. వకీలును కలిసి, చెప్పిన తేదీకి హాజరవ్వండి.